ఊబకాయానికి మందులా, ప్రభుత్వ విధానాలా: ఎవరికి ఏది, ఎంతకాలం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు ఊబకాయంతో ఉన్నారు. పెద్దవాళ్లలో వీరి సంఖ్య సుమారు 89 కోట్లు, అయిదు నుంచి పందొమ్మిదేళ్ల వయసువారిలో సుమారు 16 కోట్లు. 1990తో పోలిస్తే పెద్దవాళ్లలో ఊబకాయం రెట్టింపుకు మించింది, కౌమారంలో నాలుగింతలైంది. ముప్పై ఏళ్లలో మనుషుల జన్యువులు మారిపోవు, కోట్ల మందికి ఒకేసారి నిగ్రహం సన్నగిల్లదు. మారినది తిండి తయారయ్యే తీరు, అమ్ముడయ్యే తీరు, అది ఎంత సులువుగా, ఎంత చవకగా చేతికందుతుందన్న సంగతి. అయినా ఆ మార్పు ఫలితాన్ని మోయవలసి వస్తున్నది మాత్రం ఒక్కో మనిషి శరీరమే. అందుకే ఈ సమస్యకు రెండు రకాల జవాబులు వచ్చాయి. శరీరంలో ఆకలి నడిచే తీరును మార్చే మందులు ఒకటి, తిండి వ్యాపారం నడిచే తీరును మార్చే ప్రభుత్వ విధానాలు రెండోది.

ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నవారిలో పలు రకాలవారున్నారు. బరువు తగ్గించే ఇంజెక్షన్ మొదలుపెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు, పిల్లల బరువు చూసి కలవరపడుతున్న తల్లిదండ్రులు, పరిమితమైన ఆరోగ్య బడ్జెట్‌ను మందులకు కేటాయించాలా, పన్నులూ లేబుళ్ల అమలుకు కేటాయించాలా అని తర్జనభర్జన పడుతున్న అధికారులు, చట్టసభ సభ్యులు. వీరందరికీ ఒకే జవాబు సరిపోదు. అందువల్ల ముందుగా కొలతలు పెట్టుకుని, ఆ కొలతల మీద ఒక్కో మార్గాన్నీ నిలబెట్టి చూద్దాం.

## పోల్చే ముందు పెట్టుకోవలసిన కొలతలు

మొదటి కొలత, ఒక్కో మనిషిలో ఎంత మార్పు వస్తుందన్నది. రెండో కొలత, ఆ మార్పు ఎంతమందికి అందుతుందన్నది. ఈ రెండూ అరుదుగా కలిసి వస్తాయి. బ్రిటిష్ వైద్యుడు, జనాభాలో జబ్బుల వ్యాప్తిని అధ్యయనం చేసే ఎపిడెమియాలజిస్టు జెఫ్రీ రోజ్ 1985లో ఈ తేడాను స్పష్టంగా విడదీసి చూపారు. "ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకు వచ్చింది" అన్న ప్రశ్న వేరు, "ఈ జనాభాలో ఈ జబ్బు ఇంత ఎక్కువగా ఎందుకు ఉంది" అన్న ప్రశ్న వేరు. మొదటి ప్రశ్నకు చికిత్సలో జవాబు వెతుకుతాం. రెండోదానికి జవాబు క్లినిక్‌లో దొరకదు. జనాభా మొత్తంలో వచ్చే చిన్న మార్పు, కొద్దిమందిలో వచ్చే పెద్ద మార్పు కంటే ఎక్కువ జబ్బుల్ని ఆపగలదని కూడా ఆయన వివరించారు. అయితే ఆ చిన్న మార్పు వల్ల ఏ ఒక్కరికీ కంటికి కనిపించేంత మేలు జరగదు. విధానాలకు జనాదరణ తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

మూడో కొలత వేగం, నాలుగోది హాని, అయిదోది న్యాయం. అంటే ఆ మార్గంలో మేలు ముందుగా ఎవరికి చేరుతుంది, ఎవరు బయట మిగిలిపోతారు అన్నది. ఆరో కొలత కొనసాగింపు. ఆపేస్తే ఏమవుతుంది, ఆపకుండా సాగించే భారం ఎవరి మీద పడుతుంది అన్న ఈ ప్రశ్నను చాలా చర్చల్లో చివరికి నెట్టేస్తారు. నా దృష్టిలో మొదట అడగవలసింది ఇదే, ఎందుకంటే మందూ విధానమూ రెండూ నడిచినంత కాలమే పనిచేస్తాయి. శాశ్వతంగా నయంచేసే గుణం రెండింటిలో దేనికీ లేదు.

దీనికి శరీరధర్మంలోనే కారణం ఉంది. బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని ప్రమాదంగానే పరిగణిస్తుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ తగ్గుతుంది, కడుపులో పుట్టే ఆకలి హార్మోను గ్రెలిన్ పెరుగుతుంది, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా పడిపోతుంది. 2011లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గినవారిని ఏడాది తరువాత మళ్లీ పరీక్షిస్తే, ఆకలిని పెంచే ఈ హార్మోన్ల మార్పులు అప్పటికీ సర్దుకోలేదని తేలింది. ఏడాది పాటు పట్టుదలగా ఉన్న మనిషి కూడా రోజూ తన శరీరంతోనే పోరాడుతున్నాడన్నమాట. ఊబకాయాన్ని సోమరితనంగా చూసేవారు ఈ ఒక్క సంగతి గ్రహించినా ఎంతో మంది అవమానం నుంచి బయటపడతారు.

## మందులు

కొత్త మందుల గురించి మాట్లాడే ముందు పాత చరిత్రను కాస్త గుర్తు చేసుకోవాలి. వైద్యులు, నియంత్రణ సంస్థలు బరువు మందుల విషయంలో ఆచితూచి అడుగు వేయడానికి ఆ చరిత్రే కారణం. 1930లలో వాడిన డైనైట్రోఫినాల్ ప్రాణాలు తీసింది. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో ఉపసంహరించారు. రిమోనాబాంట్‌ను మానసిక సమస్యల కారణంగా 2008లో, సిబుట్రమిన్‌ను గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో, లోర్కసెరిన్‌ను క్యాన్సర్ అనుమానంతో 2020లో మార్కెట్ నుంచి తొలగించారు. పేగుల్లో కొవ్వు జీర్ణం కాకుండా అడ్డుకునే ఆర్లిస్టాట్ 1999 నుంచి అమెరికాలో అందుబాటులో ఉంది గానీ, దాని ఫలితం పరిమితం.

జీఎల్‌పీ-1 తరగతి మందులతో లెక్క మారింది. తిన్న తరువాత పేగుల నుంచి విడుదలయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోనును అనుకరించి ఇవి పనిచేస్తాయి. మెదడులో ఆకలిని తగ్గించి, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని నెమ్మదింపజేసి, కొద్దిపాటి తిండితోనే చాలుననిపిస్తాయి. ఈ తరగతికి చెందిన సెమాగ్లుటైడ్‌ను బరువు తగ్గించే మందుగా అమెరికా 2021 జూన్‌లో, టిర్జెపటైడ్‌ను 2023 నవంబరులో ఆమోదించింది. టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోను గ్రాహకం (కణాల మీద ఆ హార్మోను అంటుకునే చోటు) మీద కూడా పనిచేస్తుంది.

ఫలితాల అంకెలు ఇవి. 1,961 మంది మీద జరిగిన సెమాగ్లుటైడ్ ప్రధాన ప్రయోగంలో 68 వారాల తరువాత మందు తీసుకున్నవారి బరువు సగటున 14.9 శాతం తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 2.4 శాతం. టిర్జెపటైడ్ అత్యధిక మోతాదులో 72 వారాలకు 20.9 శాతం తగ్గుదల కనిపించింది. రెండింటినీ నేరుగా తలపడేసిన 2025 నాటి ప్రయోగంలో టిర్జెపటైడ్‌తో 20.2 శాతం, సెమాగ్లుటైడ్‌తో 13.7 శాతం తగ్గింది. సగటు వెనక వ్యక్తుల మధ్య తేడా చాలా ఉంటుందని మరచిపోకూడదు. సెమాగ్లుటైడ్ వాడినవారిలో దాదాపు మూడో వంతు మంది అయిదో వంతు బరువు కోల్పోతే, ఏడుగురిలో ఒకరికి అయిదు శాతం కూడా తగ్గలేదు.

బరువు కన్నా ముఖ్యమైన ఫలితం గుండె విషయంలో వచ్చింది. అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉండి, మధుమేహం లేని 17,604 మంది మీద జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. సెమాగ్లుటైడ్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలు కలిపి చూస్తే 20 శాతం తగ్గాయి. వందమంది లెక్కన చెప్పాలంటే, మూడేళ్లకు పైగా సాగిన ఆ పరిశీలనలో ఎనిమిది మందికి రావలసిన ముప్పు ఆరున్నరకు దిగింది. 20 శాతం అన్న అంకె ఎంత నిజమో ఈ అంకె కూడా అంతే నిజం. ఎంచుకునేవారు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇక మందు వాడకం రోజువారీగా ఎలా ఉంటుందో చూద్దాం. సెమాగ్లుటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒకసారి 0.5, 1, 1.7 మెట్ల మీదుగా 2.4 మిల్లీగ్రాములకు తీసుకువెళతారు. అంటే పూర్తి మోతాదుకు చేరేసరికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా కొందరికి వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం వస్తాయి. ప్రయోగంలో నాలుగింట మూడు వంతుల మందికి ఏదో ఒక జీర్ణ సమస్య కనిపించింది. చాలావరకు తాత్కాలికమే అయినా, ఏడు శాతం మంది దుష్ప్రభావాల వల్ల మందు మానేశారు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమగ్రంథి వాపు కూడా రావచ్చు. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవారు ఈ మందులు వాడకూడదు. గర్భం దాల్చాలనుకునేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు టిర్జెపటైడ్ మొదలుపెట్టిన తరువాత, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు మరో జాగ్రత్త తీసుకోవాలి. శస్త్రచికిత్సకు వెళ్లేవారు మత్తు డాక్టరుకు ఈ మందు సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే కడుపు ఖాళీగా ఉందనుకున్నప్పుడు కూడా అందులో తిండి మిగిలి ఉండవచ్చు.

మరో విషయం కండరం. ప్రయోగాల్లో కొంతమంది శరీరాలను స్కాన్ చేసి చూసినప్పుడు, తగ్గిన బరువులో నాలుగో వంతు నుంచి అయిదింట రెండు వంతుల దాకా కొవ్వు కాని భాగమని తేలింది. వయసులో ఉన్నవారికి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. అరవై దాటినవారికి మాత్రం బలాన్నిచ్చే వ్యాయామం, తగినంత మాంసకృత్తులు లేకుండా ఈ మందులు వాడటం మంచిది కాదని గట్టిగా చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆపడం గురించి. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలోపు, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. టిర్జెపటైడ్‌ను 36 వారాలు వాడి 20.9 శాతం తగ్గినవారిలో, తరువాతి ఏడాది మందు కొనసాగించినవారు ఇంకా తగ్గగా, ఆపినవారు 14 శాతం తిరిగి పెరిగారు. మరోవైపు నిజజీవితంలో చాలామంది ఆపేస్తూనే ఉన్నారు. 2025లో ప్రచురితమైన ఒక అమెరికా విశ్లేషణలో, మధుమేహం లేనివారిలో దాదాపు 65 శాతం మంది ఏడాదిలోపే మానేసినట్టు తేలింది. ప్రయోగాల్లో కనిపించిన ఫలితం కుటుంబాల్లో నిలబడకపోవడానికి ఖర్చు, దుష్ప్రభావాలు, సరఫరా కొరత అన్నీ కారణాలే. అమెరికాలో సెమాగ్లుటైడ్ నెలవారీ ప్రకటిత ధర 1,300 డాలర్లు దాటి ఉన్న సమయంలోనే, దాన్ని లాభంతో కలిపి నెలకు అయిదు డాలర్లలోపు తయారు చేయవచ్చని 2024లో పరిశోధకులు అంచనా వేశారు. మందు పనిచేస్తుందా అన్నది వైద్య ప్రశ్న. ఎవరికి అందుతుందన్నది మాత్రం పేటెంట్లు, ధరల నియంత్రణ, బీమా నిబంధనల మీద ఆధారపడిన విధాన ప్రశ్న.

## ప్రభుత్వ విధానాలు

"విధానం" అని ఒకే పేరుతో పిలిచినా ఇందులో బలమైనవీ ఉన్నాయి, పేరుకు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. ఇంగ్లండులో 1992 నుంచి 2020 వరకు ఊబకాయం మీద 14 వ్యూహపత్రాలు, వాటిలో 689 విధాన ప్రతిపాదనలు వచ్చాయని కేంబ్రిడ్జి పరిశోధకులు లెక్కగట్టారు. ఇన్ని వచ్చినా ఆ కాలంలో ఊబకాయం తగ్గలేదు. ఎక్కువ ప్రతిపాదనల్లో ఎవరు, ఎప్పుడు, ఎంత డబ్బుతో అమలు చేస్తారన్న వివరమే లేదు. పైగా చాలావాటి సారాంశం, ప్రజలే సమాచారం తెలుసుకుని తమ అలవాట్లు మార్చుకోవాలని. తక్కువ తినండి, ఎక్కువ నడవండి అన్న ప్రచారం వినని మనిషి ఈ రోజుల్లో లేడు. విధానాలు విఫలమయ్యాయని ఎవరైనా అన్నప్పుడు ఏ రకం విధానమని అడగడం అందుకే అవసరం.

అమ్మేవారి ప్రవర్తనను మార్చినవి మెరుగ్గా పనిచేశాయి. బ్రిటన్ తీపి పానీయాల సుంకాన్ని 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్‌లో అమలు చేసింది. వంద మిల్లీలీటర్లలో 5 గ్రాముల చక్కెర దాటితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములు దాటితే 24 పెన్నీలు. ఈ సుంకం అమరికే దాని బలం. కొనేవారు మానేసే దాకా ఆగకుండా, రెండేళ్ల గడువు ఇచ్చి, చక్కెర తగ్గించిన కంపెనీకి పన్ను తప్పే వీలు కల్పించింది. కంపెనీలు అదే పని చేశాయి. 2015 నుంచి 2020 మధ్య సుంకం పరిధిలోని పానీయాల సగటు చక్కెర దాదాపు 46 శాతం తగ్గింది. తాగేవారిలో చాలామందికి ఆ మార్పు జరిగిందన్న సంగతి కూడా తెలియదు. 2023లో వచ్చిన ఒక అధ్యయనం, సుంకం తరువాత పది, పదకొండేళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం అంచనా కంటే 8 శాతం తక్కువగా ఉందని చూపింది. మగపిల్లల్లో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. విధానాన్ని సమర్థించేవారు ఈ రెండో వాక్యాన్ని దాచిపెట్టకూడదు.

మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో చొప్పున పన్ను విధించింది. పన్ను పడిన పానీయాల కొనుగోళ్లు మొదటి ఏడాది 5.5 శాతం, రెండో ఏడాది 9.7 శాతం తగ్గాయి. తగ్గుదల పేద కుటుంబాల్లో ఎక్కువగా ఉంది. దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. పన్ను పేదల మీద భారమని కొందరంటారు, ఆరోగ్య లాభం కూడా పేదలకే ముందు చేరిందని మరికొందరంటారు. రెండూ నిజమే. వసూలైన డబ్బు ఎటు పోతుందన్నదే ఏ మాట ఎక్కువ బరువైనదో తేలుస్తుంది.

చిలీ 2016లో ఒకేసారి మూడు పనులు చేసింది. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కెలోరీలు పరిమితి దాటిన ప్యాకెట్ల ముందుభాగాన నల్లటి అష్టభుజి ముద్రలు తప్పనిసరి చేసింది, పిల్లలను ఆకర్షించే ప్రకటనలను అడ్డుకుంది, బడుల్లో ఆ ఉత్పత్తుల అమ్మకం నిషేధించింది. పరిమితి దాటిన పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం పడిపోయాయి. లండన్ రవాణా సంస్థ 2019లో తన బస్సుల్లో, రైళ్లలో, స్టేషన్లలో అనారోగ్యకరమైన తిండి ప్రకటనలను ఆపేసిన తరువాత, అలాంటి తిండి నుంచి ఒక్కో కుటుంబం వారానికి కొన్న శక్తి అంచనా కంటే సుమారు వెయ్యి కెలోరీలు తక్కువగా నమోదైంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇవన్నీ ప్రధానంగా కొనుగోళ్ల లెక్కలు, బరువు లెక్కలు కావు. ఏ ఒక్క పన్నూ, ఏ ఒక్క లేబులూ ఒక దేశం ఊబకాయాన్ని వెనక్కి తిప్పలేదు. సుంకం పడని తిండి నుంచి కెలోరీలు రావచ్చు. తిండి వాతావరణం ఎంత బలమైనదో 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జరిగిన ఒక చిన్న, జాగ్రత్తగా రూపొందించిన ప్రయోగం చూపింది. ఇరవై మందికి రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు సాదా తిండి, కోరినంత తినమని ఇచ్చారు. వడ్డించిన కెలోరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానమే. అయినా ప్రాసెస్ చేసిన తిండి వారాల్లో రోజుకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు. ఒక్క పానీయం మీద పన్ను ఈ మొత్తం ఒత్తిడిలో చిన్న భాగాన్నే తాకుతుంది.

కొనసాగింపు విషయంలో డెన్మార్క్ అనుభవం నేర్పేది చాలా ఉంది. 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వు మీద కిలోకు 16 క్రోనర్ల పన్ను పెట్టిన ఆ దేశం, పరిశ్రమ వ్యతిరేకత, సరిహద్దు దాటి వెళ్లే కొనుగోళ్లు, పాలనాపరమైన చిక్కుల మధ్య ఏడాది తిరగగానే రద్దు నిర్ణయం తీసుకుంది. రోగి మందు మానేయడానికీ, చట్టసభ చట్టాన్ని రద్దు చేయడానికీ ఫలితంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా భారంలోనే ఉంది. మందును ప్రతివారం ఒక్కో మనిషి గుర్తుపెట్టుకుని, ఖర్చుపెట్టి, వికారాన్ని ఓర్చుకుని సాగించాలి. చట్టాన్ని నిలబెట్టే భారం సంస్థల మీద ఉంటుంది, అలసిపోయిన తల్లి మీదనో షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికుడి మీదనో ఉండదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలత | జీఎల్‌పీ-1 తరగతి మందులు | పన్నులు, లేబుళ్లు, ప్రకటనల నియంత్రణ |
|---|---|---|
| ఒక్కో మనిషిలో మార్పు | పెద్దది, సగటున 14 నుంచి 21 శాతం బరువు | చిన్నది, చాలాసార్లు కంటికి కనిపించనిది |
| ఎంతమందికి | వైద్యుడు, డబ్బు లేదా బీమా ఉన్నవారికి | దేశంలో ప్రతి ఒక్కరికీ, పిల్లలతో సహా |
| వేగం | నెలల్లో | కొనుగోళ్లలో ఒకటి రెండేళ్లు, జబ్బుల్లో ఇంకా ఆలస్యం |
| హాని | జీర్ణ సమస్యలు, కండర నష్టం, అరుదుగా తీవ్రమైనవి | పేదల ఖర్చు, చిన్న వ్యాపారుల నష్టం |
| ఆపితే | బరువు చాలావరకు తిరిగి వస్తుంది | పాత ధరలు, పాత ప్రకటనలు తిరిగి వస్తాయి |
| అప్పటికే జబ్బున్నవారికి | మేలు రుజువైంది | తక్షణ మేలు స్వల్పం |
| ఇంకా బరువు పెరగనివారికి | వర్తించదు | ప్రధాన లాభం వీరికే |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

జబ్బులతో కూడిన ఊబకాయం ఉన్నవారికి. గుండెజబ్బు, మధుమేహం, నిద్రలో శ్వాస ఆగిపోవడం, మోకాళ్ల అరుగుదల, కాలేయంలో కొవ్వు వంటివి ఉండి బరువు చాలా ఎక్కువగా ఉంటే, విధానాలు మారేదాకా ఎదురుచూడమని చెప్పడం అన్యాయం. తిండి వాతావరణం రేపే బాగుపడినా, ఇప్పటికే పెరిగిన బరువును శరీరం అంత తేలిగ్గా వదులుకోదు. వీరు మందును గట్టిగా పరిశీలించాలి. అయితే మొదటి ఇంజెక్షన్ కంటే ముందే వైద్యుడితో మూడు విషయాలు తేల్చుకోవడం మంచిది: రెండు మూడేళ్ల పాటు ఖర్చు భరించగలమా, పూర్తి మోతాదులో కొన్ని నెలలు వాడినా అయిదు శాతం తగ్గకపోతే తరువాత ఏం చేయాలి, ఆపవలసి వస్తే ఎలా ఆపాలి. తీవ్రమైన ఊబకాయంలో కడుపు పరిమాణాన్ని తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స కూడా దీర్ఘకాలిక ఆధారాలున్న మార్గమే. మందుల సందడిలో దాన్ని మరచిపోతున్నారు. ఏడాదికే డబ్బు సరిపోయేవారికి, ఆ ఏడాది మందు కంటే శస్త్రచికిత్స గురించిన సంప్రదింపు ఎక్కువ ఉపయోగపడవచ్చు.

కొద్దిగా బరువు పెరిగి, జబ్బులేవీ లేనివారికి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. 2025 జనవరిలో ఒక అంతర్జాతీయ నిపుణుల కమిషన్, అవయవాల పనితీరు దెబ్బతిన్న ఊబకాయాన్నీ, ఇంకా దెబ్బతినని దశనూ వేరుగా చూడాలని సూచించింది. రెండో దశలో ఉన్నవారికి మందు నుంచి వచ్చే లాభం తక్కువ, దుష్ప్రభావాలు మాత్రం అవే. పెళ్లికో ఫొటోలకో అయిదారు కిలోలు తగ్గడానికి ఈ మందు మొదలుపెట్టడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. ఆపగానే బరువు తిరిగి వస్తుంది, కోల్పోయిన కండరం తిరిగి వస్తుందన్న హామీ లేదు. సరఫరా కొరత ఉన్నచోట అవసరమున్న రోగికి మందు దక్కకుండా పోతుంది కూడా.

తల్లిదండ్రులకు. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు సెమాగ్లుటైడ్‌ను అమెరికా 2022 డిసెంబరులో ఆమోదించింది, ఫలితాలూ బలంగానే ఉన్నాయి. తీవ్రమైన ఊబకాయంతో, జబ్బులతో ఉన్న కౌమారవయస్కులకు పిల్లల నిపుణుల పర్యవేక్షణలో అది సరైన చికిత్స కావచ్చు. కానీ ఎదిగే వయసులో మొదలుపెట్టిన మందు ఎన్నేళ్లు సాగించాలన్న ప్రశ్న పెద్దవాళ్ల కంటే ఇక్కడ ఎన్నో రెట్లు బరువైనది. మిగతా పిల్లల విషయంలో తల్లిదండ్రుల శక్తి ఎక్కువగా పనికొచ్చే చోటు బడి. అక్కడ ఏం అమ్ముతున్నారు, ఏ కంపెనీల ప్రకటనలు పెడుతున్నారు, తాగునీరు ఉచితంగా అందుతోందా అన్నవి ఒక తల్లి ఒంటరిగా మార్చలేకపోయినా తల్లిదండ్రులంతా కలిస్తే మార్చగలిగినవి. ఇంట్లో బిడ్డ బరువును ప్రస్తావించి నొప్పించడం వల్ల ఏ మేలూ జరగదు.

బీమా సంస్థలకు, యజమానులకు. మందుకు ఏడాది మాత్రమే చెల్లించి ఆపేసే పథకం డబ్బునూ రోగినీ రెండింటినీ నష్టపరుస్తుంది. తక్కువమందికి ఇచ్చినా ఎక్కువకాలం ఇవ్వడం మేలు. ఆ తక్కువమందిని జబ్బు తీవ్రతను బట్టి ఎంచాలి.

విధానకర్తలకు. మందుల వల్ల పన్నులూ లేబుళ్లూ అనవసరమయ్యాయన్న వాదన ఈ మధ్య బలంగా వినిపిస్తోంది. దాన్ని అంకెలతోనే పరీక్షించవచ్చు. ఇంగ్లండులో టిర్జెపటైడ్‌కు అర్హులు సుమారు 34 లక్షల మంది. జాతీయ ఆరోగ్య సేవ వారందరికీ ఒకేసారి అందించలేక, పన్నెండేళ్ల దాకా సాగే దశలవారీ ప్రణాళిక వేసుకుంది. మొదటి మూడేళ్లలో లక్ష్యం సుమారు 2 లక్షల 20 వేల మంది, అందులోనూ ముందు వంతు బీఎంఐ 40 దాటి నాలుగు జబ్బులున్నవారిది. సంపన్న దేశంలో, ప్రభుత్వమే బేరమాడి తగ్గించిన ధరకు కొన్నా పరిస్థితి ఇదీ. ఆ పన్నెండేళ్లలో వరుసలో చేరబోయేవారి సంఖ్యను తగ్గించే మార్గం మందులో లేదు.

అదే సమయంలో మందులు ధనికులకే అనుకుని పక్కన పెట్టేయడం కూడా తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో ఈ తరగతి మందులను మధుమేహంతో పాటు గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు లేదా ఊబకాయం ఉన్నవారి కోసం అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. సెమాగ్లుటైడ్ పేటెంటు రక్షణ గడువు భారత్, చైనా సహా పలు పెద్ద దేశాల్లో 2026 కావడంతో ధరలు పడిపోయే అవకాశం ఉంది. చవక మందు వచ్చినప్పుడు ఎవరు రాయాలి, ఎవరిని పర్యవేక్షించాలి, నకిలీలను ఎలా అడ్డుకోవాలి అన్న నిబంధనలు ముందే సిద్ధంగా ఉండాలి, లేకపోతే అవసరం లేనివారికి ముందు చేరుతుంది.

డబ్బు పరిమితంగా ఉన్న ప్రభుత్వం మొదట ఏది చేయాలని అడిగితే, నా సలహా తీపి పానీయాల సుంకమే. దానికి ఖర్చు తక్కువ, పైగా ఆదాయం వస్తుంది, ఆ ఆదాయాన్ని తీవ్రంగా జబ్బుపడినవారి మందులకు కేటాయించవచ్చు. దాన్ని బ్రిటన్ తరహాలో మెట్లవారీగా, ముందస్తు గడువుతో రూపొందించాలి, అప్పుడే తయారీదారు ముందు కదులుతాడు. రేటును ధరల పెరుగుదలతో ముడిపెట్టడం మరో షరతు. బ్రిటన్ 2018లో నిర్ణయించిన 18 పెన్నీలను ఏడేళ్ల పాటు అలాగే ఉంచేయడంతో ద్రవ్యోల్బణం దాన్ని అరగదీసింది. 2025 ఏప్రిల్‌లో గానీ అది 19.4 పెన్నీలకు చేరలేదు. 5 గ్రాముల పరిమితి ఉన్నచోట చాలా పానీయాలు సరిగ్గా దాని కిందకే వచ్చి ఆగిపోవడంతో, 2028 నుంచి పరిమితిని 4.5 గ్రాములకు దించి పాల పానీయాలను కూడా చేర్చాలని నిర్ణయించారు. కొత్తగా చట్టం రాసే దేశం ఈ రెండు సవరణలనూ మొదటి రోజే చట్టంలో చేర్చుకోవచ్చు: ఏటా పెరిగే రేటు, కొన్నేళ్లకోసారి దిగే పరిమితి.